బొగ్గుల పొగలో మరువం

మా ఆయనకు వాసన తెలియడం లేదన్న సంగతి నాకు పాలగిన్నె చెప్పింది. 2021 వేసవిలో కరోనా వచ్చి, తగ్గి, ఇరవై రోజులైంది. ఆయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. నేను లోపలి గదిలో నమాజు చేసుకుంటున్నాను. సలాం చెప్పి ముగించేలోపే మాడు వాసన ఇల్లంతా కమ్మేసింది. పరుగెత్తుకొచ్చి చూస్తే పాలు పొంగి, ఇగిరిపోయి, గిన్నె అడుగు నల్లబడి పొగలు చిమ్ముతోంది. ఆయన దానికి రెండు మూరల దూరంలో ఉన్నారు. తల కూడా ఎత్తలేదు.

"మాడిపోతాంటే తెలీలేదా?" అన్నాను.

"ఏం మాడతాంది?" అన్నారు. తర్వాత గిన్నె వైపు చూశారు, నా వైపు చూశారు, లేచి స్టవ్ కట్టేశారు.

అప్పుడు చెప్పారు. జ్వరంతో పాటు వాసన, రుచి రెండూ పోయాయట. జ్వరం పోయింది గానీ అవి తిరిగి రాలేదట. ఇరవై రోజులుగా నేను ఏది పెట్టినా తిని, బాగుందని చేయి కడుక్కుంటూ వచ్చారు. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక అట్లా చేశారని నాకు తెలుసు. అయినా ఆ రోజు ఆ మాడిన గిన్నె తోముతూ ఏడ్చాను.

మేముండేది రువైస్‌లో. రిఫైనరీలో పనిచేసేవాళ్ల కోసం కంపెనీ కట్టించిన కాలనీ. ఒక పక్క సముద్రం, మూడు పక్కల ఇసుక, అబుధాబి పోవాలంటే రెండున్నర గంటల దారి. ఆయన ఫీల్డ్ ఆపరేటర్. షిఫ్టు మొత్తం పంపుల మధ్య, పైపుల మధ్య నడుస్తూ ఏది వేడెక్కింది, ఏది కారుతోంది అని చూసుకునే పని. జేబులో గ్యాస్ మీటర్ ఉంటుంది. అయినా మీటర్ కంటే ముందు ముక్కే చెబుతుందని ఆయన నమ్మకం. ఇరవై ఏళ్ల పనిలో ఆ ముక్కు చాలాసార్లు ముందే చెప్పిందని తోటివాళ్లు కూడా అనేవారు. పాలగిన్నె మాడిన మరుసటి రోజే ఆయన తనంతట తానే ముదీర్ దగ్గరికి, అంటే మేనేజరు దగ్గరికి, వెళ్లి విషయం చెప్పేశారు. వాళ్లు మంచివాళ్లు, పనిలోంచి తీసెయ్యలేదు. బయటి పని మాన్పించి కంట్రోల్ రూములో తెరల ముందు కూర్చోబెట్టారు. అల్లా దయ, జీతం ఆగలేదు. కానీ ఆయనకు అది పని అనిపించలేదు. అన్నం ముందు కూర్చుంటే మందు మింగినట్టు మింగేవారు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడుచుకున్నారు. ఒకటి, నెల తిరక్కముందే ఇంకొకటి.

డాక్టరమ్మ ఒక పద్ధతి చెప్పింది. పొద్దున, సాయంత్రం నాలుగు వాసనలు, ఒక్కొక్కటి ఇరవై లెక్కపెట్టేంతసేపు. వాసన రాకపోయినా సరే, అది ఏమిటో మనసులో తలచుకుంటూ పీల్చాలట. దెబ్బతిన్న నరం అట్లా నెమ్మదిగా మళ్లీ నేర్చుకుంటుందట. నేను నిమ్మచెక్క, లవంగాలు, గులాబీ అత్తరు, నీలగిరి తైలం నాలుగు డబ్బీల్లో పెట్టాను. ఫజర్ నమాజు తర్వాత ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి ఆయన కళ్లు మూసుకుని కూర్చునేవారు. నేను ఒక్కో డబ్బీ ముక్కు దగ్గర పెట్టి పేరు చెప్పేదాన్ని. ఇది లవంగం. ఇది నిమ్మ.

అట్లా చెబుతున్నప్పుడల్లా మా తాత గుర్తొచ్చేవాడు. నేను బడికి పోయినదాన్ని కాదు. కడప జిల్లాలో మా తాత దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. పని కోసం ఊరూరూ తిరిగేవాడు. తల్లిలేని పిల్లనని నన్నూ వెంట తీసుకుపోయేవాడు. ఎవరి అరుగు మీద పని దొరికితే ఆ అరుగే నా బడి. తెలుగు అక్షరాలు, ఖురాను చదవడానికి అరబ్బీ అక్షరాలు, మందుల డబ్బాల మీది ఇంగ్లీషు అక్షరాలు అన్నీ ఎగిరే దూది మధ్యే నేర్చుకున్నాను. అర్థం కాని అక్షరం వస్తే తాత కోప్పడేవాడు కాదు. దాన్ని మళ్లీ చూపించి, మళ్లీ పేరు చెప్పేవాడు. ఎన్నిసార్లైనా. నేనూ అట్లాగే చెబుతూ పోయాను. ఆరు నెలలు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

మా వరుసలో చివరి ఇల్లు ఒక జర్మనీ పెద్దాయనది. మెయింటెనెన్స్ ఇంజనీరు. ముప్ఫై ఏళ్లుగా గల్ఫులోనే ఉన్నారు. మన పనివాళ్లతో తిరిగి తిరిగి సైటు హిందీ బాగా పట్టుబడింది. ఒంటరి మనిషి. చలికాలం వచ్చిందంటే సెలవు రోజు సాయంత్రం తన పెరట్లో బొగ్గులు రాజేసి, వేలెడు లావున్న పొడుగాటి సాసేజ్‌లు కాల్చుకునేవారు. అది పంది మాంసమని అందరికీ తెలుసు. ఆయన దాచరు, ఎవరికీ పెట్టబోరు. గాలి మా ఇళ్ల వైపు మళ్లిన రోజు మాత్రం గ్రిల్లును తానే ఇంటి అవతలి పక్కకు లాక్కుపోయేవారు. ఆ మర్యాద నేను కిటికీలోంచి చాలాసార్లు చూశాను.

డిసెంబరులో ఒక శుక్రవారం, అసర్ నమాజు తర్వాత, మేమిద్దరం నడకకు బయలుదేరాం. పెద్దాయన ఇంటి ముందుకు వచ్చేసరికి గాలి హఠాత్తుగా తిరిగింది. పొగ మా మీదికే వచ్చింది. నేను ఓణీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన ఆగిపోయారు.

"మే, మరువం" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "యాడ?"

"ఈడనే. ఉరుసులో చాదర్ మీద పూలు కప్పుతారు సూడు, ఆ పూలల్లో ఉంటాదే ఆకు, అదే. పోయింది." కాసేపు కదల్లేదు. "ల్యా, మళ్లా వచ్చాంది."

నేను కొంగు తీసి గట్టిగా పీల్చాను. నాకు కొవ్వు కాలిన వాసన, బొగ్గు వాసన తప్ప ఏమీ రాలేదు. మరువం ఎక్కడిది ఇక్కడ? మల్లెలతో కలిపి మాల కట్టే ఆకు అది, తలలో పెట్టుకునేది. రువైస్‌లో ఒక్క కొమ్మ కూడా లేదు. పంది మాంసం కాల్చే పొగలో అది ఎట్లా వస్తుంది? డాక్టరమ్మ ముందే చెప్పింది, నరం బాగుపడే దారిలో లేని వాసనలు కూడా ముక్కుకు తగులుతాయని. నెల కిందట రెండు రోజులపాటు రబ్బరు కాలుతోందని ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేశారు ఆయన. ఇదీ అట్లాంటిదేననుకున్నాను. కానీ ఆయన ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. పొగ ఆగిపోయేదాకా ఆ గోడ పక్కనే నిలబడ్డారు, ఎవరో పిలిస్తే వింటున్న మనిషిలాగా.

ఇంటికొచ్చాక ఒకటే మాట. ఆ వాసన మళ్లీ చూడాలి.

"ఆ సారు కాల్చేటప్పుడు పోయి నిలబడితే సరిపాయె. తినేదానికి కాదు కదా, వాసనకే కదా" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. తప్పని కాదు. నా భర్తకు పోయిన వాసన తిరిగి వస్తే అది నేను బిస్మిల్లా అని వెలిగించిన పొయ్యి మీద రావాలని ఆశ. ఆ ఆశలో కొంత పంతం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. మా ఆయన డ్యూటీలో పెద్దాయనను అడిగి ఆ వంటకం పేరు ఒక కాగితం మీద రాయించుకొచ్చారు. బ్రాట్‌వుర్స్ట్. దూడ మాంసంతో, హలాల్‌గా చేసినవి కూడా అబుధాబిలో దొరుకుతాయని పెద్దాయన చెప్పారట.

తర్వాతి సెలవుకు అబుధాబి పోయాం. పెద్ద సూపర్‌మార్కెట్‌లో మాంసం కౌంటరు ముందు నేను గంటసేపు నిలబడ్డాను. ఎన్ని రకాలు! కోడి, ఎద్దు, దూడ, సన్నవి, లావువి, ఎర్రవి, తెల్లవి. నేను ప్రతి ప్యాకెట్టునూ తాత నేర్పినట్టు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. కౌంటరులో ఉన్న మలయాళీ తమ్ముడు ఓపికగలవాడు. మాంసం సరే, పైన ఉన్న తోలు దేనిదని హిందీలో అడిగాను.

"గొర్రె పేగు, దీదీ. హలాల్" అన్నాడు. కాగితం కూడా చూపించాడు.

నేను ఒకదాన్ని వెలుతురులో పెట్టి చూశాను. బక్రీదుకు మా మేనత్త పేగులు కడిగేది. పుల్లతో లోపలిది బయటికి తిప్పి, సున్నం రాసి, వేడినీళ్లలో ఏడెనిమిదిసార్లు గీకి గీకి. బోటీ కూర కోసం. ఆ పేగే ఇంత పలచగా, ఉల్లిపొరలాగా, అవతలి వెలుతురు కనిపించేలాగా! దాన్ని ఎవరో ఎక్కడో చిరగనివ్వకుండా నింపారు. సుబ్‌హానల్లాహ్ అనుకున్నాను. ఒక జీవి కడుపులో ఏదీ పారేసేది లేదు.

అయితే ఆ వేళ నేను ఎంచుకున్నవి మాత్రం ఎర్రగా నున్నగా ఉన్నవి. మాంసం ఎర్రగా ఉంటే తాజాదని మన లెక్క.

ఇంటికి తెచ్చాక నా చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. పసుపు, ఉప్పు వేసి మూడు నీళ్లు కడిగాను. కడగని మాంసం మా ఇంట్లో పొయ్యెక్కదు. తర్వాత చేపకు పెట్టినట్టు అటు అయిదు, ఇటు అయిదు గాట్లు పెట్టాను. గాట్లు లేకపోతే కారం లోపలికి ఎట్లా పడుతుంది? అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, నిమ్మరసం పట్టించి గంటసేపు పక్కన పెట్టాను. మా ఆయన కొత్తగా కొన్న గ్రిల్లు పెరట్లో పెట్టి బొగ్గులు రాజేశారు. ఎర్రగా మండుతున్న బొగ్గుల మీదే వాటిని పరిచాను.

గాట్లలోంచి కొవ్వంతా కారి బొగ్గుల మీద పడింది. మంట నా మోచేతుల దాకా లేచింది. ఆయన నీళ్లు పోయబోతే వద్దన్నాను, నేను విసనకర్రతో ఊపితే ఇంకా ఎక్కువైంది. రెండు నిమిషాల్లో అవి పుల్లల్లా నల్లగా ఎండిపోయాయి. సరిగ్గా అప్పుడే పెద్దాయన ఇసుక బకెట్టుతో మా గేటు తోసుకుని లోపలికి వచ్చారు. గోడ మీదుగా మంట కనిపించి ఇల్లు అంటుకుందనుకున్నారట. మంట తగ్గాక గ్రిల్లు మీదికి వంగి, ఆ గాట్లను ఒక్కొక్కటిగా చూసి, టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నారు.

"కిస్‌నే మారా ఇస్‌కో?" అని అడిగారు, ఎవరు చంపారు దీన్ని అని.

నాకు సిగ్గు, నవ్వు రెండూ వచ్చాయి. మా ఆయన మాత్రం నవ్వలేదు. ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుని నమిలారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

"ఏమన్నా?" అన్నాను.

"ఏం లేదు." మింగి నీళ్లు తాగారు. "ఆ పొద్దు కూడా ఏం రాలేదేమో లే. నాకే అట్లనిపించిండాది. ఇంక ఆ డబ్బీలు కూడా తీసి పెట్టేయ్ మే. రోజూ నువ్వు పేరు చెప్పేది, నేను తల ఊపేది. సాలు."

ఆరు నెలల్లో ఆయన అట్లా అనడం అదే మొదటిసారి.

పెద్దాయనకు తెలుగు రాదు గానీ ఏదో విరిగిందని తెలుసుకున్నారు. ఏమైందని అడిగారు. నేను నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఈయనకు ఆరు నెలలుగా వాసన లేదు, మీ ఇంటి పొగలో ఒక వాసన వచ్చిందన్నారు, అది మా దేశంలో పూలతో కట్టే ఆకు, మీ మాంసంలో అది ఉండే వీలు లేదు, అందుకే ముక్కు అబద్ధం చెప్పిందనుకుంటున్నాం అని. ఆకు ఎట్లా ఉంటుందని ఆయన అడిగారు. చిన్నగా, గుండ్రంగా, బూడిద కలిసిన పచ్చగా, నూగు పట్టినట్టు ఉంటుందని వేలి కొన చూపించాను.

ఆయన గబగబా తన ఇంటికి వెళ్లారు. అయిదు నిమిషాల తర్వాత ఒక చిన్న గాజు సీసాతో వచ్చారు. మూత మీది కాగితం నా ముందే చింపారు. కొత్తది, తన వంటింట్లో తెరవనిది, పంది మాంసం ముట్టిన తన చేతులు దీనికి తగల్లేదు అని హిందీలో చెప్పి నా అరచేతిలో కొంచెం పోశారు. ఎండిన ఆకుల నలుసులు. రెండు చేతుల మధ్య నలిపాను.

మరువం.

ఏ సందేహమూ లేదు. కడపలో దర్గా ముందు పూలమ్మేవాళ్ల తడి గోనెసంచుల మీది మరువం. మా మేనత్త జడలోని మరువం. నేను అక్కడే పెరటి గచ్చు మీద కూర్చుండిపోయాను. వాళ్ల ఊళ్లో ఈ సాసేజ్ చేస్తే ఈ ఆకు వెయ్యకుండా చెయ్యరట. పెద్దాయన అమ్మ వంటింటి గడప పక్కనే దీన్ని పెంచేదట. మీరు దీన్ని ఏం చేస్తారని అడిగారు. తలలో పెట్టుకుంటాం, పెద్దల సమాధుల మీద కప్పుతాం అని చెబితే ఆయన నోరు తెరుచుకుని నన్నే చూశారు. ఒకే ఆకు. అల్లా దాన్ని వాళ్లకు మాంసంలోకి ఇచ్చాడు, మాకు మల్లెల్లోకి ఇచ్చాడు. ఇద్దరం ఇన్నేళ్లు ఒకే వరుసలో ఉండి కూడా తెలుసుకోలేదు.

కానీ నన్ను కూర్చోబెట్టింది అది కాదు. ఆ శుక్రవారం నాకు బాగా పనిచేసే ముక్కు ఉంది, ఆ పొగలో నేనూ నిలబడ్డాను, నాకు మరువం దొరకలేదు. వాసనే లేని మనిషికి దొరికింది.

"మీ ముక్కు అబద్ధం చెప్పలేదు" అన్నాను మా ఆయనతో. "చెప్పింది నాదే."

ఆయన నా చేయి పట్టుకుని అరచేతిలో ముక్కు పెట్టి పీల్చారు. చాలాసేపు పీల్చారు. తల అడ్డంగా ఊపారు. అప్పుడు ఏమీ రాలేదు. అయినా డబ్బీలు తీసి పెట్టమని మళ్లీ అనలేదు. ఆ సాయంత్రం నుంచి ఆ సీసా అయిదో డబ్బీ అయింది.

ఎట్లా ఎంచుకోవాలో, ఎట్లా కాల్చాలో పెద్దాయన నాకు చెప్పారు, నేను నా నమాజు వేళల పుస్తకం వెనక అట్టలో రాసుకున్నాను. ఎర్రనివి వద్దు, అవి ముందే ఉడికించి పొగ పట్టించినవి. పచ్చిగా, పాలిపోయినట్టు తెల్లగా ఉండాలి. మాంసం మెత్తని ముద్దలా కాకుండా గరుకుగా కనిపించాలి. పలచని పేగు లోపల ఆకుపచ్చ నలుసులు కనిపిస్తే అదే. కత్తి వద్దు. ఫోర్కు వద్దు. నీళ్లతో కడగడం అసలే వద్దన్నప్పుడు మాత్రం నేను తల పైకెత్తి చూశాను. ఆయన చేతులు జోడించారు.

జనవరిలో మళ్లీ అబుధాబి పోయాం. దారి పొడవునా ఇసుక రోడ్డు మీదికి పాములా పాకుతోంది. కౌంటరులో ఆ తమ్ముడే ఉన్నాడు. ఈసారి తెల్లవి చూపించమన్నాను. ఒకదాన్ని పైకెత్తి దీపం కింద పట్టాడు. లోపల చిన్న చిన్న పచ్చని చుక్కలు, కంటిరెప్ప కింద నరాల్లాగా. వాటిలో ఏమేం వేశారో రాసిన కాగితం అడిగి తీసుకున్నాను. సీసా మీది పేరు నాకు కంఠస్థమైంది. ఒక్కో అక్షరం సరిపెట్టుకుంటూ పోయాను, ఉంది. దాని కింద జాజికాయ అని కూడా ఉంది. కాగితం మడిచి తమ్ముడికి తిరిగి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం పెద్దాయన మా పెరట్లోకి వచ్చారు. తన పట్టకారు ఇంట్లోనే వదిలేసి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చారు. నా పట్టకారు నా చేతిలోనే ఉండనిచ్చి, తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. కడగకుండా మాంసం పొయ్యి మీద పెట్టడానికి నా చేతులు ఒప్పుకోలేదు. బిస్మిల్లా అన్నాను, అప్పుడు కదిలాయి. ముందు వాటిని మరగని వేడినీళ్లలో కాసేపు ఉంచి తీశాను. బొగ్గులు ఎర్రదనం పోయి తెల్లని బూడిద కప్పుకునేదాకా ఆగాం. నేను రెండుసార్లు పట్టకారు ఎత్తితే రెండుసార్లూ పెద్దాయన తల ఊపి ఆపారు.

"ఆస్తే ఆస్తే, సిస్టర్" అన్నారు. "ఇది సైటు కాదు, యల్లా యల్లా అని తొందరపెట్టడం ఉండదు."

మా ఆయన దగ్గరికి రాలేదు. ప్లాస్టిక్ కుర్చీ గోడ దగ్గర వేసుకుని, మాకు సగం వీపు పెట్టి కూర్చున్నారు. ఏమీ రాకపోతే అది మేం చూడకూడదని. నాకది తెలుసు కనుక ఆ వైపు చూడలేదు. మనసులో దువా చేస్తూనే ఉన్నాను, ఇది కావాలి అని కాదు, ఇది కాకపోయినా ఈయన కుంగిపోకుండా చూడు అని.

గాటు లేని ఆ చర్మం మొదట ముడుచుకుంది. తర్వాత నెమ్మదిగా బిగిసి, నిండి, మెరిసింది. నేను తిప్పుతూ పోయాను. తెల్లనిది గోధుమ రంగుకు, గోధుమ నుంచి తేనె రంగుకు మారింది. ఒక చోట ఒక్క చుక్క నెయ్యి లాంటిది పైకి ఊరి, అక్కడే నిలిచింది, కింద పడలేదు. పేగు ఎంత పలచనిదో నేను వెలుతురులో చూశాను. అంత పలచనిది అంత వేడిని ఓర్చుకుంటూ లోపలిదంతా కాపాడుతోంది. నేను ఆశ్చర్యంతో తిప్పడం మరిచిపోయాను. పెద్దాయన గొంతు సవరించుకుంటే గుర్తొచ్చి తిప్పాను.

కుర్చీ గచ్చు మీద రాసుకున్న చప్పుడైంది.

మా ఆయన లేచి నిలబడ్డారు. ఇంకా గోడ వైపే ముఖం ఉంది.

"వచ్చాంది" అన్నారు. నేను నోరు తెరవలేదు. నేను పేరు చెబితే అది నా మాట అవుతుంది. "మరువం. ఆ పొద్దు వచ్చిందే." ఇంకో రెండు అడుగులు ఇటు వేశారు. కళ్లు మూసుకున్నారు. "దాని ఎనకాల ఇంకోటి ఉండాది. తియ్యంగా... జాజికాయ ఏమన్నా ఏసినారా ఇందులో?"

జాజికాయ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఆ కాగితం చదివింది నేనొక్కదాన్నే. పెద్దాయనకు భాష తెలియకపోయినా ఏం జరిగిందో తెలిసింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని బొగ్గుల్ని అనవసరంగా చూడసాగారు.

నేను ఒకదాన్ని పళ్లెంలో పెట్టి మా ఆయన చేతికిచ్చాను. కొరికితే చర్మం టప్పుమని తెగిన చప్పుడు నాకు వినిపించింది. నమిలారు. ఆగారు. మళ్లీ నమిలారు. రుచి సగమే వస్తోందన్నారు, ఉప్పు తెలుస్తోంది, కొవ్వు తెలుస్తోంది, మరువం తెలుస్తోంది, మధ్యలో ఖాళీ ఉంది అన్నారు. సగమన్నప్పుడు ఆయన గొంతులో ఉన్న సంతోషం నేను పెళ్లయిన ఇన్నేళ్లలో వినలేదు. ఒకటి తిన్నారు. ఇంకోటి తిన్నారు. మూడోదాన్ని రొట్టెలో చుట్టి ఇస్తే అదీ తిన్నారు. నేనూ తిన్నాను. మాంసం మెత్తగా, రసంతో, కారమే లేకుండా, ఎక్కడో పూల అంగడి ముందు నుంచి నడిచిపోయినట్టు. పెద్దాయన మా పళ్లెంలోంచి రెండు తీసుకుని, ముప్ఫై ఏళ్లలో హలాల్ బ్రాట్‌వుర్స్ట్ మొదటిసారి తింటున్నానన్నారు. ఎట్లుందని మా ఆయన అడిగితే చాలాసేపు ఆలోచించి, మంట తక్కువ, ప్రార్థన ఎక్కువ అన్నారు.

మగ్రిబ్ అజాన్ వినిపించింది. లోపలికి వెళ్లి నమాజుకు నిలబడ్డాను. సజ్దాలో నుదురు ఆనించాక ఏం అడగాలో తోచలేదు. అడగడానికేమీ మిగల్లేదు. ఆ నేల మీద అట్లాగే ఉండిపోయాను, ఎంతసేపో తెలియదు.

బయటికొచ్చేసరికి పెద్దాయన వెళ్లిపోయారు. పళ్లెం కడిగి బోర్లించి ఉంది. మా ఆయన తన నమాజు ముగించుకుని గ్రిల్లు దగ్గర వంగి ఉన్నారు. బొగ్గులు ఆర్పడానికి నీళ్లు చల్లారు కాబోలు, తెల్లని ఆవిరి ఆయన ముఖం చుట్టూ లేస్తోంది. దగ్గు వస్తున్నా పక్కకు జరగడం లేదు.

"మే, ఇట్లా రా" అని పిలిచారు. "ఇది గూడా వచ్చాంది."

నేను పక్కన వెళ్లి వంగాను. నీళ్లు తగిలిన బొగ్గు వాసన. పుట్టినప్పటి నుంచీ నా ముక్కులోంచి పోతూనే ఉంది, ఇది ఉందని ఏనాడూ అనుకోలేదు. కొంచెం మట్టి, కొంచెం ఇనుము, కొంచెం చేదు. ఆవిరి తగ్గిపోతుంటే ఆయన చెంబు ఎత్తి ఇంకొన్ని నీళ్లు పోశారు.